నాంచారమ్మ మడవని విస్తరాకు

నాంచారమ్మ అని, బావులు తవ్వే గురవడి పెళ్ళాం, నిండు చూలాలు. గురవడు జమీందారు తోటలో బావి తవ్వితే నీళ్ళు ఎగదన్నుకుంటా పడ్డాయంట. దొర సంబరపడిపోయి ఓ రాగి బిళ్ళ చేతిలో పెట్టి, ఇది చూపిస్తే పూటకూళ్ళ పేరమ్మ బూరెలతో భోజనం పెట్టుద్దిరా, సొమ్ము నేను కట్టేశాను అన్నాడంట. గురవడు దాన్ని తెచ్చి పెళ్ళానికిచ్చాడు. ఇంకేముంది, ఈవిడ మనసు బూరెల మీద పడింది. చూలాలి కోరిక తీరకపోతే పుట్టే బిడ్డకి చెవి కారుద్దంటారు గదా, అదీ ఆమె బెంగ. తీరా పోతే ఏమైందంటే, "ఇయ్యాల ఏకాదశి, బిళ్ళలు చెల్లవు పో" అందంట పేరమ్మ. సరే, మళ్ళీ పోయింది. "ఇయ్యాల సంత, డబ్బులిచ్చేవాళ్ళకే చోటు లేదు." మళ్ళీ పోయింది. "బిళ్ళ నీ మొగుడిది, నువ్వొస్తే ఎట్టా?" ఓరి నాయనో, దొర సొమ్ము మింగి కూర్చుని ఎన్ని మాటలు చెప్పుద్దో చూడండి!

నాంచారమ్మకి ఒళ్ళు మండింది. తిరనాళ్ళ రోజు, జనం కిటకిటలాడతా ఉంటే, గబగబా పోయి భోజనాల బంతి మధ్యలో కూర్చుంది. ఆకు ముందు కూర్చున్న చూలాల్ని లేపితే పాపం గదా, పేరమ్మ పళ్ళు కొరుక్కుంటా ఇంత అన్నం పెట్టి చారు పోసిందంట. పక్కోళ్ళకేమో బూరెలు, నెయ్యి! నాకో అంటే, బిళ్ళకింతే అంది. సరేనని ఆ చారన్నం తినేసి, ఆకు మడవకుండా కూర్చుంది నాంచారమ్మ. బంతి మర్యాద మీకు తెలుసనుకోండి, ఒక్కళ్ళు ఆకు మడవకపోయినా మిగతావాళ్ళు లేవకూడదు. ఇంక చూడండి! అందరి ఎంగిలి చేతులూ ఎండిపోతన్నాయి. బయట రెండో బంతి వాళ్ళు తలుపులు బాదతన్నారు. ఎడ్ల బేరగాడొకడు, "అమ్మా, నా ఎడ్లు పలుపు తెంపుకు పోతన్నాయి, లెగు తల్లీ" అని మొత్తుకుంటన్నాడు. "నా భోజనం అవలేదన్నా, బూరె రాలా" అంది. పేరమ్మ ఊగిపోతా వచ్చి, లేస్తావా లేదా అంటే, "లేవను. నా బిడ్డకి చెవి కారితే నువ్వు తుడుస్తావా?" అంది. అంటంటే కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయంట. అంతే! బంతి బంతంతా "వెయ్యవే పేరమ్మా, బూరెలు వెయ్యవే!" అని ఒకటే కేకలు. పేరమ్మ పరిగెత్తుకుపోయి గంప ఎత్తుకొచ్చి ఆకులో కుమ్మరించింది. నాంచారమ్మ నింపాదిగా బూరెకి చిల్లు పొడిచి, "నెయ్యి" అందంట! నవ్వబాకండి, నెయ్యి లేని బూరె బూరేనా?

తిని ఆకు మడిచిందో లేదో, బంతంతా దిగ్గున లేచి ఎడ్ల వెంట పరుగో పరుగు. ఆడపిల్ల పుట్టింది, చెవులు శుభ్రంగా ఉన్నాయి. మీకూ ఏ దొరన్నా బిళ్ళిస్తానంటే దణ్ణం పెట్టి, "అయ్యా, ఆ బూరేదో తమరింట్లోనే పెట్టించండి" అనండి.