అక్క క్లినిక్‌లో మూడో ప్రోగ్రాం

అక్క పళ్ల డాక్టరు, తమ్ముడు ప్రోగ్రామర్. క్లినిక్ కంప్యూటర్ ముందు కూర్చుని, తమ్ముడు రాసిన కొత్త ప్రోగ్రాం తెరుచుకోవడం కోసం ఇద్దరూ ఎదురుచూస్తున్నారు.

“ఇంకా తిరుగుతూనే ఉందేంట్రా ఆ చక్రం?”

“లోపల ఓ బ్రౌజర్ మొత్తం లేవాలి కదక్కా. కాస్త ఆగు.”

“బయట బుగ్గ వాచినాయన కూర్చున్నాడు. ఆయన్ని కూడా ఆగమననా? నువ్వు మొదట రాసిచ్చింది నొక్కగానే తెరుచుకునేది.”

“దాని బటన్లు పాతకాలం నాటివి. చూడ్డానికి ఏం బాగుంటాయి?”

“రోజూ చూసేది నేను. నేనేమైనా అన్నానా? రెండోది అందంగానే ఉండేది. కానీ పేషెంట్ల పేర్లలో ఒత్తులన్నీ ఊడి పక్కన పడేవి.”

“బటన్లూ అవీ గీసే ఆ టూల్‌కిట్‌కి మన అక్షరాలు కలపడం సరిగా రాదు. అందుకే ఇది. దీని గొప్పేంటంటే, ఒక్కసారి రాస్తే చాలు, ఏ రకం కంప్యూటర్‌లోనైనా ఒకేలా కనిపిస్తుంది.”

“నాకున్నది ఒక్క కంప్యూటరేరా.”

“రేపు ఇంకోటి కొంటే?”

“కొంటే ఈ చక్రం రెండింట్లోనూ తిరుగుతుంది.”

“సరే, ఏదీ నచ్చకపోతే నేనే సొంతంగా ఓ టూల్‌కిట్ రాసేస్తా. ఏడాదిలో అయిపోతుంది. అప్పటిదాకా కావాలంటే ఆ మొదటిదే వాడుకో.”

“దాన్నే వాడుతున్నా. ఎప్పుడు మానేశాను గనక?”

“మరి ఇది?”

“నువ్వొచ్చినప్పుడు తెరుస్తా. చిన్నబుచ్చుకుంటావని.”