గురవయ్య ఫోన్లో పాడిన వేలంపాట

గురవయ్య శనగచేను కోయించి కుప్పేశాడంట. కుప్పయితే వేశాడుగానీ నూర్పిడి మిషను రావాలి గదా! బాడుగ మిషనోడు "రేపొస్తా మామా" అంటాడు, ఆ రేపు రాదు. పోయినేడు ఇట్టాగే చూస్తా కూచుంటే కుప్ప మీద వాన పడి, శనగలు కళ్లంలోనే మొలకలొచ్చినయ్యనుకోండి. అంత మడిసీ ఆ మొలకలు చేత్తో పట్టుకుని ఏడ్చాడంట. అందుకని ఈసారి, పాతదైనా సరే, సొంత మిషను కొనాల్సిందేనని పట్టుబట్టాడు. ఇప్పుడు పాత ట్రాక్టర్లూ మిషన్లూ ఫోన్లోనే వేలమేస్తన్నారు గదా, ఇంక ఆ ఫోను కింద పెట్టడే!

ఆ వేలం ఎట్టా ఉంటదో చెప్తా ఇనండి. మన చెరువు చేపల పాటయితే పాడేవోళ్లంతా ఎదురెదురుగా నిలబడతారు, ఎవడి మొహం ఎంత వాడిందో కనపడతా ఉంటది. ఒకడు పాడతా ఉంటే వాడి బావమరుదులూ వియ్యంకులూ వాడి తరఫున గొంతు కలుపుతారు, వాడెనక ఇంతమంది ఉన్నారని అవతలోడు జంకాలని. ఎవరి నోట పలికినా పాట వాడిదే. మరి ఫోన్లో? మడిసి లేడు, పేరు లేదు, నంబరొకటే. ఇంక అయిపోయిందిలే అనుకునే టయానికి ఎవడో కాస్త పెంచుతాడు, పెంచగానే టయం మళ్లా పొడుగవుద్ది. అట్టా దుక్కి దున్నే రోటవేటరొకటి పోయింది గురవయ్యకి. నెట్టు ఆగిపోయి ఒక గొర్రు పోయింది. ఒకసారి మందు కొట్టే మిషను దక్కిందని సంబరంగా పోతే, ఫొటోలో కనపడని పక్క చక్రమే లేదంట! ఇదేందయ్యా అంటే "ఉన్నది ఉన్నట్టే అమ్ముతామని రాశాం గదా" అన్నారంట. దాన్ని ఇంటికెట్టా తెచ్చాడో మాత్రం అడక్కండి, ఇప్పటికీ అలుగుతాడు.

సరే, ఏమైందంటే, ఒకరోజు శనగ నూర్పిడి మిషనే పాటకొచ్చింది. ఈసారి పోయి కళ్లారా చూసొచ్చాడు, చక్రాలు తడిమాడు, బాగుంది. పాటరోజు కుప్ప పక్కనే కూచుని ఫోను ముందేసుకున్నాడు. పక్కన పెళ్లాం నాగరత్తమ్మ, నెత్తిన మబ్బు. మొదట్లో చానామంది పాడారు. ఒక్కొక్కడే జారుకుని, ఆఖరికి గురవయ్యా ఇంకొకడూ మిగిలారంట. ఈయన పెంచటం, వాడు పెంచటం. ఈయన పెంచటం, వాడు పెంచటం. మధ్యలో ఏదో ఫోనొస్తే ఎవరిదని కూడా చూడకుండా గురవయ్య పక్కకి నెట్టేశాడు, ఎత్తితే పాట జారిపోద్దని. నాగరత్తమ్మకి ఒళ్లు మండిపోయింది. "ఎవడయ్యా వాడు, వాడి చేతులు పడిపోను! ఇట్టా ఒకరి నోటికాడ కూడు లాగొద్దురా అని బుద్ధి చెప్పేదానికి ఆ ఎదవకి ఒక అక్కన్నా లేదా?" అని చేతులు చాపి మరీ తిట్టింది. ఆఖరికి ఇంకాస్త కలిపితే కొత్త మిషనే వచ్చేట్టుందని గురవయ్య ఫోను తుండుగుడ్డలో చుట్టి పక్కన పెట్టేశాడు. మబ్బుకేసి చూస్తా కూచున్నాడంట.

రెండ్రోజులు అన్నం సయించలా. మూడోరోజు పొద్దున్నే కళ్లం దారెమ్మట బుడబుడమని ట్రాక్టరు శబ్దం. చూస్తే నాగరత్తమ్మ తమ్ముడు, కోటిలింగం. ట్రాక్టరెనకాల ఏముందనుకున్నారు? ఆ మిషనే! "బావా, పాట మనదే!" అని కేకేసుకుంటా దూకాడంట. "అక్క చెప్పింది, నువ్వు పాడతన్నావని. నువ్వొక్కడివే పాడుకుంటంటే బావమరిదిని నేనెందుకు? నేనూ గొంతు కలిపా. ఎవడో మొండోడు తగులుకున్నాడు బావా, ఒక పట్టాన వదిలాడా! నీకు ఫోన్ చేస్తే ఎత్తలేదు, నువ్వు మానుకున్నావేమోనని నేనే తెంచేశా" అన్నాడు.

గురవయ్య ఆ మిషన్ని చూశాడు, బావమరిదిని చూశాడు. "ఒరే, ఆ మొండోణ్ణి నేనేరా" అన్నాడు. కోటిలింగం మొహం చూడాలి అప్పుడు! "నువ్వని తెలిస్తే అప్పుడే వదిలేసేవాణ్ణి గదా బావా" అని అక్కడే కూలబడ్డాడు. "నువ్వని తెలిస్తే నేనూ వదిలేసేవాణ్ణిరా" అని గురవయ్య నవ్వటం మొదలెట్టాడు. ఎన్నాళ్లకి నవ్వాడో ఆ మడిసి! "లేవరా, చెరిసగం వేసుకుందాం, చెరిసగం వాడుకుందాం. ముందు బెల్టు తగిలించు, మబ్బు దిగొస్తంది" అన్నాడంట.

నాగరత్తమ్మ ఏదీ? కనపడదే! ఇంట్లోకి పరిగెత్తి గుప్పెడు ఉప్పు తెచ్చి, తమ్ముడి రెండు చేతులకీ దిష్టి తీస్తంది. "చేతులకేందే అక్కా?" అంటే చెప్పదు. తీసిందే తీస్తంది, కళ్లనీళ్లు పెట్టుకుంటంది. గురవయ్య పక్కకి తిరిగి నవ్వుకుంటన్నాడు.

వానొచ్చింది లేండి, వచ్చేటయానికి శనగలు ఇంట్లో ఉన్నయ్యి. ఇప్పటికీ గురవయ్య ఫోన్లో పాట పాడతానే ఉంటాడు. ఆయమ్మా పక్కనే కూచుంటది, తిట్టటం ఏమీ మానలా. కాకపోతే ఇప్పుడు ముందు తమ్ముడికి ఫోన్ చేసి, "ఒరే, నీ చేతిలో పాటేమన్నా ఉందా?" అని అడిగి, ఏమీ లేదంటేనే మొదలెడతది.