బెంచీలు బయటికి

అది పంతొమ్మిది వందల డెబ్బై ఆరు. కతోలిక పూజావిధుల మీద పరిశోధన చేసే సంస్థలో రెండేళ్లు చదివి, నంద్యాల బస్సు దిగి వచ్చిన కొత్త ఫాదరు, ఆళ్లగడ్డ దగ్గరి ఆ పల్లె గుడిలో బెంచీలు తీయిస్తున్నాడు. ఫాదరు లేనప్పుడు ఊళ్లో ప్రార్థనలు చెప్పించే ముసలి ఉపదేశి ఒక బెంచీ కొస పట్టి ఎత్తాడు.

"బెంచీలు యాడికి సామీ?"

"బయటికే. ఇకమీదట అందరం చాపల మీదే. పూజ మన దేశపు పద్ధతిలో జరగాలని మా సంస్థలో తేల్చారు. బెంచీలు తెల్లదొరలు తెచ్చినవి."

"బెంచీ మింద కూచోనిస్తారనే మా నాయన ఈ గుడిలోకి వచ్చినాడు సామీ. ఊర్లో యాడా కూచోనిచ్చేటోళ్లు కాదు."

"అది పాత మాట పెద్దాయనా. నేల మీద కూర్చోవడంలో వినయం ఉంది. దాని మీద నేనొక వ్యాసం కూడా రాశాను."

"వినయానికేం సామీ, మాకు శానా ఉంది. అన్నీ తీసేయాల్నా?"

"ముందువి రెండు ఉంచండి. ఆదివారం మన పూజ చూడటానికి సంస్థ నుంచి ప్రొఫెసర్లు వస్తున్నారు. పాపం, వాళ్లకు కింద కూర్చునే అలవాటు లేదు."

ఉపదేశి ఎత్తిన బెంచీని మెల్లగా దించాడు.

"వాళ్లు పైన, మేము కింద. అయితే మీరు చెప్పింది నిజమే సామీ, ఇది మన పద్ధతే. రెడ్డి అరుగు కాడ ఇట్లే కూచుంటాం."