ఊరి నీళ్లు

ఊరి నీళ్లు పాడుచేసిందని తోళ్ల ఫ్యాక్టరీ మీద వేసిన కేసులో సాక్ష్యం చెప్పి, ఆ ఊరి పంచాయతీ ప్రెసిడెంటు మద్రాసు కోర్టు నుంచి నేరుగా వాషర్‌మెన్‌పేటలోని అక్క ఇంటికి వచ్చాడు.

“ఏం చెప్పొస్తివిరా ఆడ?”

“ఊరి నీళ్లు బాగుండాయని చెప్పినానక్కా.”



“మొన్న నేనొచ్చినప్పుడు బావి నీళ్లు కుళ్లు కంపు కొట్టలా? నోట్లో పోసుకోలేక ఊసేస్తిని గదరా!”

“శనక్కాయ పంట పోయినాక ఊరంతా ఆ ఫ్యాక్టరీ కూలితోనే తింటా ఉంది. మూసేస్తే అందరూ నా వాకిట్లోకొచ్చి కూర్చుంటారు. సట్టం చేసినోళ్లు వచ్చి అన్నం పెడతారా?”

“పంట పోయిందే ఆ నీళ్లతో కదరా!”

“తెలుసు.”

అతను గొంతు తగ్గించాడు.

“నా కూతురు నీళ్లోసుకుందక్కా. కాన్పయ్యేదాకా నీకాడ పెట్టుకో. ఊరి నీళ్లు తాగితే బిడ్డకేమవుతుందోనని భయంగా ఉంది.”

ఆమె అతని మొహంలోకి చూసింది. తోడబుట్టినవాడి మీద ఇంత రోత పుడుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

“ఊళ్లో మిగతా కడుపుతో ఉండేవాళ్లు ఏం తాగాల్రా?”

అతను తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

“రేపే పంపించు దాన్ని. నువ్వు మాత్రం తోడు రావద్దు,” అని ఆమె లేచి వీధి తలుపు తీసి పట్టుకుంది.