వెయిటింగ్ లిస్టులో ఒకటో నంబరు

శనివారం పొద్దున్న. మిల్లుకి సెలవు కావడంతో తల్లి ముందుగదిలో బల్ల మీద దుప్పటి పరిచి వారానికి సరిపడా బట్టలు ఇస్త్రీ చేస్తోంది. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న కూతురు ఆ పక్కనే చాప మీద వెల్లకిలా పడుకుని, గంటసేపటి నుంచి ఒకే మనిషిని తిడుతోంది.

"కాలు విరగాలి. మరీ పెద్దగా కాదులే, రెండు నెలలు కట్టు కట్టేంత."

"ఎవరి కాలే?"

"ఇంతసేపూ ఎవరి గురించి చెబుతున్నాననుకున్నావమ్మా? నా పైనున్న మనిషిది. ఈ వేసవి ఇంటర్న్‌షిప్‌కి మొత్తం ఎనిమిది సీట్లు. ఎనిమిదోది ఆ మహానుభావుడు పట్టుకుపోయాడు. ఆ వెంటనే వెయిటింగ్ లిస్టులో ఒకటో నంబరు నేను. ఒక్క మనిషి తేడాలో పోయింది."

"మహానుభావుడో, మహానుభావురాలో."

"ఎవరైతే నాకేం, కాళ్ళుంటాయిగా."

"అలా అనకే. తగులుతుంది."

"తగలాలనే అంటున్నా."

"పోనీ జ్వరం అనుకోరాదూ? కాలెందుకు?"

"జ్వరం వారంలో తగ్గిపోతుంది. పరిశోధన ఎనిమిది వారాలు."

"సరే, ఆ తెల్ల చొక్కా ఇలా అందించు. పడుకునే అందించు, లేవకు, శ్రమ."

"ఇదిగో. నాన్నేమో పక్కింటాయనతో మా అమ్మాయి రాకెట్లు చేయడానికి పోతోందని చెప్పేశాడు. రాకెట్లు కాదు నాన్నా, గ్రహశకలాలు, అంటే ఆకాశంలో తిరిగే రాళ్ళు అని చెప్పా. రాళ్ళయితే ఇంత దూరం పోవడం దేనికన్నాడు."

"ఆయన అడిగిందీ నిజమే."

"నువ్వు కూడానా? అసలు నా దరఖాస్తు ఎంత బాగా రాశానో తెలుసా? ఎందుకు రావాలనుకుంటున్నారో ఐదు వందల మాటల్లో చెప్పమన్నారు. 'చిన్నప్పుడు డాబా మీద పడుకుని నక్షత్రాలు లెక్కపెట్టేదాన్ని' అని మొదలుపెట్టా."

"మనకి డాబా ఎక్కడిదే?"

"అందరూ అలాగే రాస్తారమ్మా. డాబా లేనివాళ్ళని లోపలికి రానివ్వరు."

"పదేళ్ళొచ్చేదాకా చీకట్లో బయటికి రమ్మంటే ఏడ్చేదానివి."

"అది రాయలేదు. నన్ను ముంచింది దరఖాస్తు కాదులే, పరీక్ష. ఆకాశంలో ఒకే చోటుని పది నిమిషాలకొకటి చొప్పున తీసిన నాలుగు ఫొటోలిస్తారు. నిండా చుక్కలే. నక్షత్రాలైతే కదలవు. గ్రహశకలమైతే ఫొటోకీ ఫొటోకీ మధ్య ఒక్క రవ్వ జరుగుతుంది. ఆ జరిగిందేదో పట్టుకోవాలి. అలాంటివి అరవై."

"నువ్వెన్ని పట్టావు?"

"నలభై ఒకటి. ఇంకొన్ని పట్టేదాన్నే, ముప్ఫై ఏడో దాని దగ్గర పావుగంట పోయింది. దాంట్లో ఏమీ లేదు. ఊరికే ఇచ్చారు, మనల్ని ఏడిపించడానికి."

"మూలన ఉంది."

"ఏమిటీ?"

"అంటే, ఉండి ఉంటుంది అంటున్నా. మూలలు ఎవరూ చూడరు కదా. మా మిల్లులోనూ అంతే. బట్ట తాను నడిమధ్యలో పోగు తెగితే గుడ్డివాడైనా పట్టుకుంటాడు. అంచు దగ్గర తెగిందే దొరక్కుండా పోతుంది."

"ఆకాశానికీ మీ తానుకీ పోలికేమిటమ్మా? ఇంటర్వ్యూ కూడా అంతంతమాత్రం. తెలీని ప్రశ్న అడిగితే తెలీదని ధైర్యంగా చెప్పెయ్యమంది మా లెక్చరర్. ఆ ప్రొఫెసర్ అడిగినవన్నీ తెలీనివే. ఎన్నిసార్లని ధైర్యంగా ఉండను? ఉండు, ఏదో మెయిలొచ్చింది."

"చూసుకో."

"అమ్మా. అమ్మా, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టు."

"చెప్పవే, వింటున్నా."

"సీటొచ్చింది."

"వస్తుందని చెప్పలేదూ?"

"నువ్వెప్పుడు చెప్పావు? ఆ ఎనిమిదో మనిషి రానన్నారట. 'కుటుంబ కారణాల వల్ల' అని ఉంది. అయ్యో, నిజంగా కాలు విరిగిందేమో. నేను మాటవరసకి అన్నానమ్మా."

"ఏ కాలూ విరగలేదు."

"నీకెలా తెలుసు?"

"విరిగితే విరిగిందనే రాస్తారు, కుటుంబ కారణాలని ఎందుకు రాస్తారు?"

"అదీ నిజమే. సరిచేసిన జాబితా పంపారు, ఆ మనిషెవరో చూద్దాం. ఒక థాంక్స్ చెప్పాలి కదా."

"ఇప్పుడెందుకే? ముందు నాన్నకి ఫోన్ చెయ్యి, సంతోషిస్తాడు."

"చేస్తా ఉండు. ఐదు, ఆరు, ఏడు. ఎనిమిదోదాని మీద గీత కొట్టారు. దూరవిద్య, బీఎస్సీ రెండో సంవత్సరం. ఇంటర్వ్యూలోనే మార్కులు తగ్గాయి, పరీక్షలో అరవైకి అరవై. అరవైకి అరవయ్యేమిటి, మనిషేనా? అమ్మా."

"ఊఁ."

"ఇంటిపేరు మనదే."

"లోకంలో మనమొక్కళ్ళమేనా?"

"పేరు నీదే."

"నా పేరు గలవాళ్ళు మా షిఫ్టులోనే ముగ్గురున్నారు."

"వాళ్ళందరూ దూరవిద్యలో బీఎస్సీ రెండో ఏడు చదువుతున్నారా?"

తల్లి ఇస్త్రీపెట్టెని చొక్కా మీదే వదిలేసి కూతురి వైపు తిరిగింది.

"అమ్మా, పెట్టె కింద పొగొస్తోంది."

"అయ్యో, మీ నాన్న చొక్కా."

తల్లి ఇస్త్రీపెట్టె ఎత్తి పక్కన పెట్టింది, కూతురు చాప మీంచి లేచి కూర్చుంది.

"ఎప్పుడు నింపావు దరఖాస్తు?"

"నువ్వు నీది పంపేసి కాలేజీకి పోయిన రోజు. కంప్యూటర్ తెరిచే ఉంది. డిగ్రీ చదువుతున్నవాళ్ళెవరైనా పెట్టుకోవచ్చని రాసుంది. నేనూ చదువుతున్నాగా. చేర్పించింది నువ్వే."

"కాలక్షేపానికని చేర్పించానమ్మా."

"కాలక్షేపానికి క్యాలిక్యులస్ ఎవరు చదువుతారే?"

"మరి ఆ ఐదు వందల మాటలు? ఏం రాశావు?"

"అన్ని మాటలు నా దగ్గర లేవు. నాలుగు లైన్లు రాశా. పంతొమ్మిదేళ్ళుగా బట్టల మిల్లులో చెకింగ్ సెక్షన్‌లో చేస్తున్నాను. కింద లైటున్న బల్ల మీద బట్ట జారిపోతుంటే తెగిన పోగు ఎక్కడుందో చూసి గుర్తుపెట్టడం నా పని. మీరు నమూనాకి పెట్టిన ఫొటోలు చూస్తే అదే పని అనిపించింది. అవసరమైతే పిలవండి. అంతే."

"డాబా?"

"లేని డాబా నేనెందుకు రాస్తాను?"

"ఇంటర్వ్యూ కూడా ఇచ్చావా?"

"మిల్లు గోడౌన్లో, తానుల మీద ఫోను ఆనించి. ఆ సారు నన్ను చూడగానే, 'అమ్మా, మీ అమ్మాయిని పిలుస్తారా, మొదలుపెడదాం' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"మా అమ్మాయిది రేపు సార్, ఇవాళ నాది అన్నా."

"నవ్వాడా?"

"లేదు, సారీ చెప్పాడు. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. నవ్వేసినా బాగుండేది. ఆ తరవాత విశ్వం ఎలా పుట్టిందో చెప్పగలరా అన్నాడు. నేను చూడలేదు సార్ అన్నా."

"అలాగే అన్నావా?"

"చూడనిదాన్ని చూశానని ఎలా చెప్పను? అప్పుడు మాత్రం నవ్వాడు. పక్కనున్న ఇద్దరూ నవ్వారు. ముప్ఫై ఏడో ఫొటో ఎలా పట్టారని అడిగారు. అంచులు ముందు చూస్తానండీ, మధ్యలోది ఎక్కడికీ పోదు అని చెప్పా."

"నాన్నకి తెలుసా ఇదంతా?"

"తెలుసు. మీరిద్దరూ పోతే ఎనిమిది వారాలు రిమోటు నాదే అన్నాడు. మిల్లులో సెలవు కూడా ఇచ్చారు. ఇంత సెలవు ఎందుకమ్మా, ఎవరి పెళ్ళి అన్నాడు సూపర్‌వైజర్."

"సెలవు కూడా తీసుకున్నావు. అన్నీ సిద్ధం చేసుకుని, నా పేరు కింద ఉందని వదిలేశావు. నేనేమో ఇక్కడ పడుకుని నీ కాలు విరగాలంటున్నా."

"రెండు నెలలే అన్నావుగా."

"నవ్వకమ్మా. నువ్వెప్పుడూ ఇంతే. చిన్నప్పటి నుంచీ నీకంటూ ఏదీ ఉంచుకోలేదు. చివరికి ఇది కూడా నాకే ఇచ్చేశావు."

"ముక్కు తుడుచుకో. దాంతో కాదే, అది ఇస్త్రీ చేసింది."

"వెళ్తానమ్మా. వెళ్ళి నీ పేరు నిలబెడతా. అక్కడ ప్రతి ఫొటోలోనూ నువ్వే కనిపిస్తావు నాకు."

"నేను కనిపిస్తే రాళ్ళు కనపడవు. ఇక ఆపు."

"కొత్త గ్రహశకలం దొరికిందనుకో, దానికి నీ పేరే పెట్టమంటా. నా కోసం మా అమ్మ ఏం వదులుకుందో లోకానికంతా..."

"ఆపమన్నానా. నేనిక వినలేను."

"ఏమైందమ్మా?"

"వెయిటింగ్ లిస్టులో ఉన్నావని నాకెప్పుడు చెప్పావు?"

"మొన్న. గురువారం."

"ఫలితాలు ఎప్పుడొచ్చాయి?"

"సోమవారం. సిగ్గేసి మూడు రోజులు దాచుకున్నా."

"నేను రానని రాసింది మంగళవారం."

"మంగళవారమా? మంగళవారానికి నీకు నా సంగతి తెలీదుగా."

"తెలీదు. నీకు సీటొచ్చే ఉంటుంది, తీరిగ్గా చెబుతావులే అనుకున్నా."

"మరి ఎందుకు రానన్నావు?"

"భయమేసింది."

"దేనికి?"

"హాస్టల్ ఫారం పంపారు. తల్లి గానీ తండ్రి గానీ సంతకం పెట్టాలని ఉంది. నలభై మూడేళ్ళొచ్చాయి నాకు. మా అమ్మా నాన్నా పోయి ఎంత కాలమైంది? పెన్ను పట్టుకుని అక్కడే ఆగిపోయా. గదికి ఇద్దరట. నాతో ఉండే పిల్ల నన్ను చూసి తలుపు దగ్గరే, మీ అమ్మాయిని దింపడానికొచ్చారా ఆంటీ అంటుంది. ఎనిమిది వారాలు ఎదురుపడ్డ ప్రతివాడికీ కాదని చెప్పుకోవాలి. పైగా నువ్వూ అక్కడే ఉంటావనుకున్నానాయె. నీ తోటివాళ్ళ ముందు ఏదైనా తెలీదన్నానంటే నీకు తలవంపులు. అదీ ఇదీ ఆలోచించి, కుటుంబ కారణాలని రాసి పడేశా."

"అంటే నా కోసం కాదు."

"కాదు."

"ఇంతసేపూ నేను ఏడ్చిందంతా దండగ."

"దండగేం కాదు. మధ్యలోనే చెప్పేద్దామనుకున్నా. వినడానికి బాగుండి ఊరుకున్నా. ఈ ఇంట్లో నన్ను ఎవరూ అంతలా పొగడలేదు."

"బాగానే ఉంది. అయితే నాకొద్దు ఈ సీటు."

"అదేమిటే?"

"నా కోసం వదులుకుని ఉంటే కళ్ళకద్దుకుని తీసుకునేదాన్ని. నువ్వు జడిసి పారేసుకున్నదాన్ని నేను ఏరుకోవడమేమిటి, నామర్దా."

"పిచ్చి వేషాలు వెయ్యకు. నీకొచ్చింది, నువ్వు పో. నేను వచ్చే వేసవికి చూసుకుంటా."

"వచ్చే వేసవి నాకూ ఉంది. నాకప్పటికి ఇరవయ్యొకటి వస్తాయి. నీ భయానికి మాత్రం ఇంకో ఏడాది వయసొస్తుంది."

"మాటకి మాట ఎక్కడ నేర్చావే?"

"ఇక్కడే. ఆ ఫారం నాకివ్వు, సంతకం నేను పెడతా. అభ్యర్థికి ఏమవుతారు అన్నచోట కూతురు అని రాస్తా. ఎవడొచ్చి అడుగుతాడో చూద్దాం."

"అది చెల్లదే."

"చెల్లకపోతే వాళ్ళే చెబుతారు. అసలు నలభై ఒకటికీ అరవైకీ ఎంత తేడానో నీకర్థమవుతోందా? నేను పావుగంట కళ్ళు పొడుచుకున్నా కనపడనిది నీకు కనపడింది."

"ఎవరికే ఫోన్ చేస్తున్నావు?"

"మెయిలు కింద ఆ ప్రొఫెసర్ నంబరుంది."

"శనివారం ఎవరూ ఎత్తరు. పెట్టెయ్."

"మోగుతోంది."

"నేను మాట్లాడను. నువ్వు చేసుకున్నావు, నువ్వే మాట్లాడుకో."

"నమస్కారం సార్. నేను వెయిటింగ్ లిస్టు ఒకటో నంబరుని సార్, ఇందాక సీటిచ్చారు. లేదు సార్, సంతోషంగానే ఉన్నా. ఎనిమిదో నంబరు మీతో మాట్లాడతారట. ఇక్కడే ఉన్నారు సార్, మా నాన్న చొక్కా తగలబెడుతున్నారు."

"ఇలా ఇవ్వవే దొంగదానా. నమస్కారం సార్. ఆఁ, నేనే. బాగున్నాను సార్. కుటుంబ కారణాలా? అవేం లేవు సార్, ఏం రాయాలో తెలీక రాశా. భయపడ్డాను. అవును సార్. ఏమిటీ, మీకూనా? ఏ వయసులో సార్? అయితే నయం, నాకు నలభై మూడే. లేదు సార్, సెలవు రద్దు చేసుకోలేదు. ఎందుకో చేసుకోబుద్ధి కాలేదు. ఆలోచించేదేం లేదు సార్, వస్తాను. ఇవాళే రాసిస్తాను. ఒక్క మాట సార్. ఆ వెయిటింగ్ లిస్టు అమ్మాయికి సీటు లేదని మీరే చెప్పేయండి. నా ఎదురుగానే నిలబడి ఉంది, నాకు నోరు రావడం లేదు."