వాచ్ మాట

(ఉప్పుగూడలో ప్రేమ్‌రాజ్ వెల్డింగ్ షాపు. పట్టపగలే షట్టర్ దించి ఉంది. ఇటలీ నుంచి సెలవులకు వచ్చిన అక్క షారోన్, దవాఖాన వరండా నుంచి ఫోన్ చేసింది.)

"ఎక్కడ కొట్టినవ్‌రా రాహుల్‌ను?"

"ఎక్కడ కొట్టలేదో అడుగక్కా. అదైతే తొందరగ చెప్త."

"మజాకా చెయ్యకు ప్రేమ్! ఊపిరాడుతున్నదా వానికి?"

"కుర్చీకి కట్టేసిన కాడ ఏడుస్తున్నడు. ఏడ్వాలంటె ఊపిరాడాలె గద."

"షట్టర్ లేపు. వాన్ని ఇంటికి పంపు."

"పంపుత. ముందుగాల ఒప్పుకోనీ. రాత్రి డాడీ తలకాయ పలగ్గొట్టి రైల్వే స్టేషన్ గోడ పక్కన పడేసిపోయినోడు ఎవడో, వాని నోటితోనే చెప్పనీ. డాడీ ఎట్లున్నడు?"

"ఆపరేషన్ చేస్తున్నరు. ఇంక బయటికి తేలే."

"బతుకుతడా?"

"డాక్టర్లు ఏం చెప్తలేరు."

"మరి వీన్ని నేనెందుకు ఇడిచిపెట్టాలె?"

"రాహులే కొట్టిండని నీకెట్ల తెలుసు? నువ్వు చూసినవా?"

"ఆదివారం చర్చి ముంగట డాడీ వాన్ని చెంపమీద కొట్టిండా లేదా? పిల్లలు ఆడుకునే కాడ బండి ఉరికిస్తున్నడని? వాడేమన్నడు? 'ముసలోడా, నీ సంగతి చూస్త' అనలే? గల్లీ గల్లంత ఇన్నది."

"కోపంల ఎవరైనా అంటరు. నువ్వు నన్నే సంపుత అని ఎన్నిసార్లు అనలే?"

"నువ్వు ఇటలీల ల్యాబ్‌ల కూసొని, పీహెచ్‌డీ అనుకుంట కంప్యూటర్‌ల గీతలు చూసుకునేటిదానివి. నీకు సాక్ష్యాలు గావాలె. నాకు గింత సాలు."

"వాడేమంటున్నడు?"

"ఏమంటడు. కాదంటున్నడు."

"ఎప్పటిసంది?"

"పొద్దుగాల సంది గదే మాట. నేను కాదన్నా, నేను కాదన్నా. నా చేతులు గుంజుతున్నయి గని వాని మాట మారుతలేదు."

"మరి?"

"మరి ఏంది?"

"గంతగనం కొట్టినా మాట మారుతలేదంటె ఏంది దానర్థం?"

"మొండోడని అర్థం."

"చిన్నప్పటిసంది నీతోని క్రికెట్ ఆడినోడురా. వాళ్లమ్మ స్వరూప, అమ్మ పోయినప్పుడు మనకు మూడు పూటల వండి పెట్టింది."

"గందుకే ముక్కు ఒక్కటే పలగ్గొట్టిన. ఇంకోడైతె కండ్లు పీకుతుంటి. షట్టర్ బయట మంది నిలబడ్డరక్కా. డానియేలు కొడుకు ఏం చేస్తడా అని చూస్తున్నరు. ఉత్త చేతులతోని షట్టర్ లేపితె నా మొఖం మీద ఉమ్మేస్తరు."

"పోలీసులకు ఫోన్ చేస్తున్న."

"చెయ్యి. మీరొచ్చేదాంక వాడుంటడో లేదో తెల్వదని కూడ చెప్పు."

"ప్రేమ్!"

"ఏంది ప్రేమ్? పొద్దుగాల సంది ప్రేమ్, ప్రేమ్! నా కండ్ల ముంగట డాడీ నెత్తురు కనిపిస్తున్నది. ఈ చేతులతోనే ఎత్తి ఆటోల పండవెట్టిన. నీకు తెలుసా, తలకాయ వెనక మెత్తగ ఉండె. మెత్తగ!... హలో? అక్కా? ఉన్నవా?"

"ఉన్న. ఇను. నీకొక సంగతి చెప్పలే ఇప్పటిదాంక."

"ఏంది?"

"స్టేషన్ కాడి కెమెరా చూసిన."

"ఏందీ! ఎప్పుడు? వీడేనా? వీడేనా చెప్పు!"

"మొఖం కనిపిస్తలేదు. చీకటి. గని కొట్టినోడు డాడీ చేతి వాచ్ గుంజుకొని మురికినీళ్ల మోరీల పారేసిండు. ఇది నాకు, నీకు, కొట్టినోనికి తప్ప ఎవరికి తెల్వదు."

"వాచ్ గుంజుకున్నడా..."

"నిజంగ రాహులైతె వాచ్ ఏం చేసిండో చెప్తడు. కాకుంటె తెల్వదంటడు. ఉత్తగ అడుగు. చెయ్యి లేపొద్దు."

"లేప."

"డాడీ మీద ఒట్టు?"

"ఒట్టు. ఉండు, ఫోన్ పక్కకు పెడ్తున్న."

"పెట్టెయ్యకు, నేను ఇంటుంట... ప్రేమ్? ఆ సప్పుడేంది? ప్రేమ్, గది ఇనుప సప్పుడు! ఒట్టేసినవ్ నువ్వు! ప్రేమ్‌రాజ్! వాచ్, మోరీ అన్న మాటలు నువ్వే అంటున్నవేందిరా, వాన్ని చెప్పనియ్యి! వొద్దు, వొద్దు, తమ్మీ, నీ కాళ్లు మొక్కుత, గట్ల అరిపియ్యకు వాన్ని, నేనినలేను..."

"అక్కా! ఒప్పుకున్నడు! ఒప్పుకున్నడక్కా! ఏ మోరీనో కూడ చెప్పిండు, లెవెల్ క్రాసింగ్ పక్కదంట! ఇగో, వాని నోటితోనే ఇను. చెప్పురా. అక్కకు చెప్పు!"

"అక్కా... నేను రాహుల్... వాచ్ నేనే గుంజిన... మోరీల ఏసిన..."

"ఏ చేతికున్నదిరా రాహుల్, ఆ వాచ్?"

"ఏ చెయ్యి చెప్పాల్నక్కా? నువ్వే చెప్పు, నేను గదే చెప్త. ఇంక కొట్టొద్దని చెప్పక్కా..."

"ఇన్నవా అక్కా? ఇంకేం గావాలె నీకు?"

"డాడీ వాచ్ నా దగ్గరున్నది ప్రేమ్."

"ఏంది?"

"నర్సు ఇప్పి నా చేతిల పెట్టింది, లోపటికి తీస్కపోయేముందు. ఎవడు గుంజలే. మోరీ లేదు. కెమెరా లేదు. నేను ఏ వీడియో చూడలే."

"అబద్ధం చెప్పినవా? డాడీ గట్ల పడి ఉండంగ నాతోని ఆటలాడినవా?"

"పోయినేడు నీకు ఫోన్ చేసి మొత్తుకున్న, యాదుందా? ఆకాశంకెల్లి సిగ్నల్ దొరికింది, నా పీహెచ్‌డీ అయిపోయినట్టే అని?"

"ఉంది. గల్లీ మొత్తానికి దావత్ ఇచ్చిన."

"అది ఆకాశంకెల్లి రాలే. మా ల్యాబ్‌ల పెద్దోళ్లే ఉత్తుత్తి సిగ్నల్ తయారుచేసి డేటాల దొంగచాటుగ కలిపిండ్రు. గట్ల కలుపుతరు అక్కడ, పని చేసేటోళ్లకు చెప్పకుండ. మేము ఉన్నది చూస్తున్నమా, చూడాలనుకున్నది చూస్తున్నమా అని పరీక్ష. మీటింగ్‌ల అందరి ముంగట చెప్పిండ్రు. సిగ్గుతోని సచ్చిపోయిన. నీకు చెప్పనీకి నోరు రాలే."

"ఇప్పుడు నా మీద పెట్టినవా ఆ పరీక్ష?"

"పెట్టిన. లేని వాచ్ కలిపిన. నువ్వు లేని దొంగను పట్టుకొచ్చినవ్. సమజైందా? కొడితె ఎవడైనా ఏదైనా ఒప్పుకుంటడు. గిది నీ కండ్లతోని చూస్తె తప్ప నువ్వు ఆగవని చేసిన. వాన్ని బతికిద్దామని చేసిన తమ్మీ. ఇక్కడ దవాఖాన ఆంబులెన్స్‌కు చెప్పిన, వస్తున్నది. వాని కట్లు ఇప్పు."

"కట్లు లేవు."

"లేవా?"

"నువ్వు ఫోన్ చేసినప్పుడే ఇప్పుతున్న. వీడు కాదేమో అనిపించింది. మంది ఇంటున్నరని నీతోని గట్ల మాట్లాడిన గని, వెనక తలుపుకెల్లి పంపిద్దామనుకున్న."

"మరి... మరి పంపు. ఇప్పుడన్న పంపు ప్రేమ్."

"అప్పటిదాంక ఉత్త చేతులతోనే కొట్టినక్కా. నువ్వు వాచ్ మాట చెప్పినంకనే రాడ్ పట్టుకున్న. ఇప్పుడు పిలుస్తె పలుకుతలేడు."