పారేయమన్న ట్యూబు

హన్మకొండలో కొత్త మందులు కనిపెట్టే ల్యాబు బయట, టీ బండి దగ్గర అక్కడే పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు నిలబడ్డారు. చిన్నామె చేతిలో కొత్త ఎంజైము పనిచేసిందని ల్యాబు సార్ పొద్దున అందరికీ లడ్డూలు పంచారు. పెద్దామె లడ్డూ ఇంకా కాగితంలోనే ఉంది.

“మందుకని ఎక్కించిన జన్యు దారం ఒంట్లకు పోంగనే తెగిపోతది. తెగని కొత్తరకం దారం నేసే ఎంజైము కోసం నేను మూడేండ్లు తిప్పలు పడ్డ. నువ్వొచ్చి ఆర్నెల్లు గాలే.”

“నాదేం లేదక్కా. నువ్వు పారెయ్యమన్న పద్నాలుగో ట్యూబే అది.”

పెద్దామె టీ కప్పు దించింది. “గా ట్యూబా? గంటసేపు చూసిన. ఒక్క పోగు నెయ్యలే.”

“నేను మూడు రోజులుంచిన. కొత్తవాడల మా నాయిన మగ్గం మీద కొత్త పడుగు ఎక్కిస్తే మొదటి జానెడు మస్తు నిదానంగ నేస్తడు. జోరు చేస్తే పోగులు తెగుతయంటడు. ఇదీ గట్లనే నిదానమేమో అనుకున్న.”

“ట్యూబు మూత మీద రాత ఎవరిది?”

“నీదేనక్కా.”

“మరి ఆ ముచ్చట సార్‌కు చెప్పినవా, లడ్డు తిని ఊకున్నవా?”

“నిన్ననే చెప్పిన. ఎంజైము చేసింది అక్క, నేను ఊకె ఆగి చూసిన అన్న. పరిశోధన పేపర్ల మొదటి పేరు నీదే రాసిన.”

పెద్దామె ఖాళీ కప్పును చేతిలో నలిపింది. పొద్దుటి నుంచి కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ పనికిరాకుండా పోయాయి.

“చెప్పకుండ పేరంత నువ్వే ఎత్తుకపోయినా బాగుండు గదనే,” అంది చివరికి. “నోరార తిట్టెదాన్ని.”